కొత్త మూకుడు

పినాంగ్‌లో ఒక కాఫీ కొట్టు. పొద్దెక్కి పదకొండు దాటింది. వాకిట్లో బొగ్గుల పొయ్యి పెట్టుకుని రొయ్యల నూడుల్స్ వేయించే కెంగ్ సూన్, ఈపో నుంచి కూతురు కాయన్‌ను వెంటబెట్టుకొచ్చిన సూక్ యీ, లోపల కాఫీ కలిపే కొట్టు యజమాని బూన్ టెక్.

"లేదన్నానా? లేదంటే లేదు. పక్కకి జరుగమ్మా, వెనకాల జనం ఉన్నారు."

"అంకుల్, మాట పూర్తిగా వినండి. రొయ్యలు వేయకుండా వేయించమంటున్నాను. అంతే. మా పాపకి రొయ్య పడదు."

"పడదని విన్నాను. విన్నాను కాబట్టే లేదంటున్నాను."

"రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాం ఈపో నుంచి. దీనికివాళ పన్నెండు నిండాయి. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఇలా బయట బల్ల దగ్గర కూర్చుని వేడివేడి పళ్లెం తిని ఎరగదు. ఎక్కడికెళ్లినా నేను కట్టిచ్చిన డబ్బానే. బళ్లో పిల్లలు దీన్ని డబ్బా, డబ్బా అని పిలుస్తారు."

"పిలవనీ. పిలిస్తే పలకడానికి పిల్ల మిగిలింది కదా."

"ఏం మాటలండీ అవి, పిల్ల ముందు!"

"పిల్ల ముందే అనాలి. ఇదిగో పాపా, నీ పేరేంటి?"

"కాయన్."

"రొయ్య తింటే నీకేమవుతుంది కాయన్?"

"ముందు పెదాలు దురద పెడతాయి. తర్వాత ఉబ్బుతాయి. తర్వాత గొంతు. పోయిన నెల ఊపిరాడలేదు. రెండ్రోజులు ఆస్పత్రిలో పడుకోబెట్టారు."

"విన్నావా? దానికి తెలుసు. నీకే తెలీదు."

"నాకు తెలీదా? నాకా? పెళ్లి విందులో వడ్డించేవాడిని మూడుసార్లు అడిగాను. రొయ్య లేకుండా అవుతుందా అంటే, అవుతుంది అక్కా, అవుతుంది అన్నాడు. లోపలికెళ్లి అదే పళ్లెంలో రొయ్యలు ఏరేసి తెచ్చి పెట్టాడు. నా కళ్ల ముందు నీలంగా మారింది పిల్ల. నాకు తెలీదంటారా?"

"తెలిసినదానివి మళ్లీ బయట తిండికి ఎందుకొచ్చావ్?"

"అందుకే ఇది తెచ్చాను. చూడండి."

"ఏంటది?"

"మూకుడు. కొత్తది. నిన్న కొన్నాను, అట్ట కూడా విప్పలేదు. ఇదిగో గరిట. ఇదిగో నూనె, మా ఇంటిది. నూడుల్స్ కూడా నేనే తెచ్చాను, కట్ట విప్పకుండా. మీ పొయ్యి, మీ చెయ్యి చాలు. అవి మాత్రం నేను తెచ్చుకోలేనుగా."

"పొయ్యి తెచ్చుకోలేవు. చెయ్యి తెచ్చుకోలేవు. మరి చిక్కంతా ఆ రెంటి దగ్గరే."

"అంటే?"

"మూకుడు కొత్తది, సరే. నా చేతులు కొత్తవా? పొద్దున నాలుగింటికి లేచి పది కిలోల రొయ్యలు ఒలిచిన చేతులివి. వాటి తలలు వేయించి తీసిన నూనె ఇదిగో, ఈ కుండలో. ప్రతి పళ్లేనికీ ఒక గరిట. పొయ్యి చుట్టూ చిట్లిందంతా అదే. ఈ పొగలో ఉన్నదీ అదే. నీ కొత్త మూకుడు పొయ్యెక్కి రెండు నిమిషాలైతే దానికీ నా పాతదానికీ తేడా ఉండదు."

"పక్కన ఇంకో పొయ్యి పెట్టుకోవచ్చు."

"పెట్టుకోను."

"ఎందుకని?"

"నా ఇష్టం."

"సూన్! ఏంట్రా ఆ గొడవ? రావమ్మా, లోపలికి రా. నేను బూన్ టెక్‌ని, ఈ కొట్టు నాదే. వీడి నోరంతే. వాళ్ల నాన్నకీ అంతే ఉండేది. ఏం కావాలి? రొయ్య లేకుండానా? అవుతుంది, అవుతుంది!"

"అవుతుందా అంకుల్?"

"అవకేం? పైన వేసేవి మానేస్తే సరి. ఏరా, ఓ నాలుగు రొయ్యలు మానేస్తే నీ చెయ్యి విరుగుతుందా?"

"బూన్ టెక్ అన్నా, నువ్వు వెళ్లి కాఫీ కలుపుకో."

"నా కొట్టు వాకిట్లో నించుని వచ్చినవాళ్లని తరిమేస్తుంటే కాఫీ ఎలా కలుపుతాన్రా?"

"నీ నోటి 'అవుతుంది' ఉందే, అదీ ఈ ఊరిని పట్టిన జబ్బు. అవుతుందా అంటే అవుతుంది. కారం లేకుండా? అవుతుంది. పంది కొవ్వు లేకుండా? అవుతుంది. ఏది అడిగినా తల ఊపడమే. కాదనడానికి నోరు రాదు ఎవడికీ. ఆ పెళ్లి విందులో వడ్డించినవాడికీ రాలేదు. పిల్ల నీలంగా మారింది."

"ఆ వడ్డించినవాడిని తిడుతున్నారు సరే. వాడు కనీసం మర్యాదగా మాట్లాడాడు."

"మర్యాదగా చంపబోయాడు."

"నా సంచిలో సూది ఉంది, డాక్టర్ ఇచ్చింది. ఏదైనా అయితే వెంటనే తొడకి గుచ్చేస్తాను. మీమీదకి రాదు. కావాలంటే రాసిస్తాను."

"సూది ఉందని బావిలో దూకుతావా?"

"నేను దూకితే మీకెందుకు!"

"నువ్వు దూకితే నాకెందుకు? దూకు. పిల్లని పట్టుకుని దూకుతున్నావు."

"చూడండి, మీకు పిల్లలున్నారో లేరో నాకు తెలీదు. ఇది రోజూ రాత్రి ఫోన్‌లో ఏం చూస్తుందో తెలుసా? తిండి వీడియోలు. మీ పొయ్యిది కూడా. ఆ మంట, ఆ చప్పుడు. పుట్టినరోజుకి ఏం కావాలే అంటే, అది తినాలమ్మా అంది. నేనేం చెప్పను? చెప్పండి, ఏం చెప్పమంటారు?"

"లేదని చెప్పు. రెండక్షరాలు. నాకు వచ్చు, నీకు రాదా?"

"అబ్బ, ఏం గుండెరా నీది! అమ్మా, వాడితో నీకెందుకు? అసలు వాడి వంట వాడే తినడు."

"అన్నా!"

"ఏం, అబద్ధమా? పదిహేనేళ్ల నుంచి చూస్తున్నాను. ఒక్క నూడుల్ ముక్క నోట్లో వేసుకోడు. ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకుంటాడు. నా వెనక గదిలో మేకుకి తగిలిస్తాడు, మూడు సంచుల్లో చుట్టి. ఈ రొయ్యల దరిదాపులకి రానివ్వడు. పదకొండున్నర కాగానే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, చొక్కా మార్చుకుని, వెనక సందులో కూర్చుని తింటాడు. ఏముంటుందో తెలుసా అందులో? నూడుల్సే! ఇవే నూడుల్స్, కోడిగుడ్డు వేసి, రొయ్యలు లేకుండా!"

"అన్నా, నోరు ముయ్."

"రొయ్యలు లేకుండానా?"

"లేకుండానేనమ్మా. ఒకసారి ఏముందోనని నేను మూత తీసి చూశాను. పొద్దున రొయ్యల బుట్ట దింపిన చెయ్యే అనుకో. అంత మాత్రానికి ఆ పూట అన్నం మానేశాడు. డబ్బాడు నూడుల్సూ తీసుకెళ్లి కుక్కకి పెట్టాడు. మూడ్రోజులు నాతో మాట్లాడలేదు."

"ఓహో. అయితే రొయ్యలు లేకుండా అవుతుందన్నమాట. మీకైతే అవుతుంది. నా కూతురికైతే కాదు."

"అది అమ్మకానికి కాదు."

"మీ కోసం చేయించుకుంటారు, దాచుకుంటారు. పిల్ల అడిగితే పొగ, చేతులు, కుండ అని కథలు!"

"అది ఇక్కడ వండింది కాదమ్మా."

"మరి ఇక్కడ వండింది ఎందుకు తినరు? ఏం కలుపుతున్నారేంటి ఇందులో? వంట చేసేవాడు తన వంట ముట్టడంటే ఏమనుకోవాలి? మూతికి ఆ గుడ్డేంటి, డాక్టర్‌లా? చేతికి తొడుగుల మీద తొడుగులు, రెండేసి! ఈ ఎండలో మణికట్టు దాకా చొక్కా! మీ వంట వాసన మీకే గిట్టదా?"

"ఆ ఫోన్ దించు."

"దించను. ఇదంతా రికార్డవుతోంది. వీడియోలోనే కదా మీకు పేరొచ్చింది? ఇది కూడా చూడనివ్వండి జనాన్ని. వెనక నిలబడ్డవాళ్లూ, వింటున్నారా? గంటసేపు నిలబడి మీరు తినేది ఈయన తినడంట!"

"దించమన్నానా!"

"కేకలేస్తే భయపడతాననుకున్నారా? చెప్పండి, ఎందుకు తినరు?"

"నాకు సయించదు."

"నలభై ఏళ్ల పేరున్న వంట, వండేవాడికే సయించదా?"

"సూన్, చెప్పెయ్యరా. వరసలోంచి ఇద్దరు వెళ్లిపోతున్నారు చూడు. నీ పొయ్యితో పాటు నా కాఫీ కూడా ఆరిపోయేలా ఉంది."

"పోనీ."

"పోనీ ఏంట్రా!"

"అమ్మా. అమ్మా, ఆపు. ఇంక పోదాం."

"నువ్వుండు కాయన్."

"ఉండను. ఫోన్ తియ్యి. ఆయన్ని తిట్టకు."

"నీ కోసమే కదే నేను..."

"నా కోసమే. బళ్లో క్యాంటీన్ ఆంటీ అవుతుందంది. వాంతులయ్యాయి. పెద్దమ్మ అవుతుందంది. ఒళ్లంతా దద్దుర్లు. పెళ్లిలో ఆయన అవుతుందన్నాడు. కాదని చెప్పింది ఈ అంకుల్ ఒక్కడే. ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు నాకు. పోదాం పదమ్మా. డబ్బా కార్లో ఉంది, అదే తింటాను."

"పుట్టినరోజు పూట కూడా ఆ డబ్బానేనా..."

"ఏం కాదులే. అలవాటేగా. థాంక్యూ అంకుల్."

"ఆగు పాపా."

"ఇంకేం కావాలండీ మీకు?"

"నిన్ను కాదు, పాపని. గుడ్డు పడుతుందా నీకు?"

"పడుతుంది."

"సోయా? వేరుశనగ?"

"అన్నీ పడతాయి. రొయ్యలు, పీతలు, అంతే."

"పీతలు కూడానా. ఊఁ. అన్నా, ఆ మేకున ఉన్న క్యారియర్ తీసుకురా. ఆగు, నువ్వొద్దు. పాపా, నువ్వే వెళ్లి తీసుకో. సంచులు నువ్వే విప్పు, మూత నువ్వే తియ్యి. నా దగ్గరికి తేవద్దు. లోపల చివరి బల్ల దగ్గర కూర్చో, అక్కడికి పొగ రాదు. ముందు ఆ బల్ల మీ అమ్మ తుడవాలి, మీ ఇంటి గుడ్డతో. నూడుల్స్ తినే పుల్లలు తెచ్చుకున్నావా?"

"నా పుల్లలు నా దగ్గరే ఉన్నాయి."

"వాటితోనే తిను."

"ఒక్క నిమిషం. కాయన్, కదలకు. ఇందాకటి దాకా గాలిలో కూడా రొయ్య ఉందన్న మనిషి ఇప్పుడు తన డబ్బా ఇస్తానంటున్నాడు. ఎలా నమ్మాలి నేను?"

"మా ఆవిడ ఇంట్లో వండింది. పెళ్లయిన ఈ ఇరవై రెండేళ్లలో ఆ ఇంట్లోకి ఒక్క రొయ్య రాలేదు."

"మీ ఇంట్లో రొయ్యలు లేవా? రోజుకి పది కిలోలు అమ్మేవాళ్ల ఇంట్లో?"

"నమ్మకపోతే పో. బతిమాలను."

"నమ్మేలా చెప్పొచ్చుగా! ఎందుకు రానివ్వరు? ఏంటి కారణం?"

"అదే నేనూ అడుగుతున్నానమ్మా పదిహేనేళ్లుగా. ఒక్కసారైనా చెప్పి చచ్చాడా?"

"ఫోన్ ఇంకా నడుస్తోందా?"

"నడుస్తోంది. ఆపనన్నానుగా."

"ఆపకు. ఇంకొంచెం దగ్గరికి పెట్టు. వెనకవాళ్లకీ వినపడనీ. ఇది విన్నాక రేపట్నుంచి వాళ్లు వస్తారో రారో వాళ్లిష్టం."

"సూన్, ఏం చెప్పబోతున్నావురా?"

"పద్నాలుగో ఏట బడి మాన్పించి మా నాన్న నాకీ గరిట ఇచ్చాడు. ఉప్పు చూడరా అన్నాడు. ఒక్క రొయ్య ముక్క నోట్లో వేసుకున్నాను. సైకిల్ మీద అడ్డంగా పడుకోబెట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. మళ్లీ రుచి చూడలేదు. ఈ నలభై ఏళ్లూ చప్పుడు విని, వాసన పట్టి వేయించాను. రుచి ఎలా ఉంటుందో మీ మొహాలు చూసి తెలుసుకోవడమే. వెళ్లు పాపా, మూత తియ్యి. అందులో రొయ్య వాసనంటూ తగిలుంటే నీకంటే ముందు పోయేవాణ్ణి నేనే."