గదికంతా ఒకటే వాచీ

అట్టా చెయ్యి చాపి కూచుంటే ఎట్టరా రాముడూ? పెడతాలే, యాడికీ పోదు. ఈ వాచీ పెట్టెలోంచి తీసినప్పుడల్లా నాకు మనసు రాదు. నీకేమో నవ్వులాట!

ఎట్టొస్తాది మరి? నా కూతురి బతుకును మింగిన వాచీరా ఇది!

కూచో. జుమ్మా నమాజు ఇప్పుడే గదా అయిపోయింది. ఏర్‌పోర్టుకు పోయే బండి వచ్చేసరికి ఇంకా పొద్దుంది. పెట్టెకు తాడు నేనే కట్టినా. నీకింక పనేముంది, ఆ పెండ్లికూతురి ఫోటో చూసుకునేది తప్ప?

మనం కువైట్‌కొచ్చి, మంగఫ్‌లో ఈ గదిలో దిగినప్పుడు అందరం చందాలేసుకుని కొన్నాం. ఈ వాచీ, ఆ గొలుసు, ఆ టేపురికార్డరు. ఊరికి పోయేవాడు పెట్టుకుని పోవాల, తిరిగొచ్చినాక పెట్టెలో పెట్టాల. ఇది మన గది కట్టుబాటు. మంచి కట్టుబాటే అనుకుంటిమి.

పోయినేడు నా వంతు వచ్చె. రాయచోటిలో బస్సు దిగితినా, వీధి వీధంతా నన్నే చూసె. ఎండకు గొలుసు మెరుస్తా ఉంటే, ఆకాశంలోంచి చుక్కొకటి జారి నా మెళ్ళో చిక్కుకున్నట్టు అనిపించెరా! నా జీనత్ ఉరికొచ్చి, నా చెయ్యి పట్టుకుని, వాచీ చెవికి ఆనించుకుని, "అబ్బా, దీని గుండె కొట్టుకుంటాంది!" అనె. నువ్వే చెప్పు. ఆ మొగంలో ఆ వెలుగు చూసినాక, ఇది నాది కాదమ్మా అని ఏ తండ్రికి నోరొస్తాది?

రెండు దినాలకే తాలూకా ఆఫీసునించి ఇన్‌స్పెక్టరు వచ్చె.

ఎందుకా? ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు! జీనత్ టీచరు ట్రైనింగు చదివింది సర్కారు అప్పుతో. పూచీ సంతకం నాది. చదువైపోయినాక కంతులు కట్టాల. ఈడ ఆ షేర్ల బజారు కూలినకాడ్నించీ మన కంపెనీ జీతాలు ఎట్టొస్తాండాయో నీకు తెలీదా? కంతులు నిలిచిపాయె. కాలేజీవాళ్ళు దాని సర్టిఫికెట్లు పట్టుకుని కూచున్నారు. డబ్బు కట్టు, కాగితాలు తీసుకో అంటారు. కాగితాలుంటే గదా ఉద్యోగం! ఉద్యోగముంటే గదా డబ్బు!

నా పాస్‌పోర్టు నన్ను పనికి పిలిపించుకున్న కఫీల్ బీరువాలో. నా కూతురి చదువు కాలేజీ బీరువాలో. తండ్రికీ బిడ్డకూ ఒకటే రాత రాసినాడేమో దేవుడు!

బీదోళ్ళని తాలూకా ఆఫీసు రాసిస్తే మటుకు గడువిచ్చి, సర్టిఫికెట్లు వదుల్తారంట. మేం అర్జీ పెట్టుకుంటిమి. అది నిజమో కాదో చూసేదానికే ఆయప్ప వచ్చింది.

నేనేం చేసినా? కుర్చీ వేసినా. టేపురికార్డరులో పాటలు పెట్టినా. ఈ చేత్తోనే టీ అందించినా. ఆయప్ప టీ చూళ్ళేదు, వాచీ చూసె. "ఏం బాషా, కువైట్ బాగా కలిసొచ్చినట్టుందే!" అనె. వాకిట్లో బావమరుదులు, గోడమీంచి తొంగిచూసే ఆడోళ్ళు, గడపలో జీనత్. నేను మీసం దువ్వుకుని, "ఏదో అల్లా దయ సార్" అంటి!

అంతే. స్తోమత ఉన్నోడని రాసుకుని పాయె.

ఏందీ? అప్పుడే చెప్పి ఉండాల్సిందా? ఆహా! ఎంత సులువుగా అనేసినావురా!

మొన్న మన సర్కారు పెద్దమనిషి ఈడ మిర్కాబ్ పేటకు వచ్చినప్పుడు నేనూ పోతిని గదా. ఎగైలాలో ఇంటిపని చేసే రెడ్డెమ్మక్క కొడుకు సర్టిఫికెట్లూ అట్టే చిక్కుకున్నాయి. మాలాంటోళ్ళం చానామందిమి కలిసి చేతులు జోడిస్తిమి. అయ్యా, ఈ రూలు మార్చండి, ముందు పిల్లోళ్ళ కాగితాలు ఇయ్యండి, ఉద్యోగమొచ్చినాక జీతంలో పట్టుకోండి అని. రెడ్డెమ్మక్క ఏడుస్తా దగ్గరకు పాయె. ఆయనేమన్నాడో తెల్సా? ముక్కు ఎగబీల్చి, "సెంటు గుమగుమలాడతాంది, మీరు బీదోళ్ళా?" అనె. ఆ సెంటు ఆయక్క పనిచేసే ఇంటి దొరసాని పారేయబోయి ఇచ్చిన సీసా అడుగుది! చుట్టూ ఉన్నోళ్ళు నవ్విరి. మాతో ఫోటో దిగి పాయె. రూలు రూలుగానే ఉండాది.

జీనత్ ఉత్తరంలో ఏం రాసిందో చెప్పలేదు గదా నీకు. "ఆ వాచీ అమ్మినా ఒక కంతు తీరేది గదా అబ్బా" అని రాసింది. అంతే. తిట్టినా బాగుండు.

ఈ యేడు టీచరు పోస్టులు పడినాయి. నెలాఖరులోపల సర్టిఫికెట్లు చూపించాల. వచ్చే యేటికి దానికి వయసు దాటిపోతాది. అందుకే నేను నిన్ను బతిమాలినా. నువ్వూ మా తాలూకావోడివే గదా! ఆ ఇన్‌స్పెక్టరు కాడికి పోయి, ఇదో సార్, చాంద్ బాషా పెట్టుకున్న వాచీ ఇదే, మా గదికంతా ఇదొకటే, ఇప్పుడు నా వంతు అని ఒక్క మాట చెప్పురా అని. "చెప్తాలే మామా" అంటివి. అన్నావా, లేదా?

మరి ఇప్పుడు నా మొగం చూడవే?

తెల్సులే. ఆ ఆఫీసు బంట్రోతు నీకిచ్చే పిల్లకు మేనమామంట గదా. నువ్వు ఆ ఆఫీసులో నోరు తెరిస్తే, పొద్దు గుంకేలోపల ఆ ఇంట్లో తెలిసిపోతాది. అల్లుడి వాచీ అల్లుడిది కాదని. ఆ ఫోటోలో పిల్లేమో నీకోసం కిటికీ కాడ నిలబడినట్టే ఉండాది, పాపం.

వద్దులే. చెప్పొద్దు. బిడ్డ కోసం నేను అనలేని మాట, నువ్వెందుకంటావు?

అదో, హారన్. యల్లా, చెయ్యి ఇట్టా తే. ఎడమ చెయ్యిరా! బిగువుగా ఉందా? నాకూ అట్టే ఉండె. అలవాటైపోతాది.

ఒక్కటి మటుకు చెయ్యి. మా ఇంటికి పోయేటప్పుడు వాచీ జేబులో ఏసుకో. జీనత్ గుర్తుపడతాది.

ఇంక లేయ్. ఆ పై గుండీ తియ్యి... ఇంకొంచెం. గొలుసు కనపడాల గదా.