మగవే పుట్టే బోను

తొండియార్‌పేటలో మొదటి అంతస్తు మీద ఒంటిగది ఇల్లు. పరిమళ బోను అడుగు ట్రే తీసి కడుగుతోంది. ఆమె అత్త రాసాత్తి గడప మీద కూర్చుని చేపల కత్తికి పదును పెట్టుకుంటోంది.

“ఆ నీళ్ళు ఈ పక్కకి రానీబాక. కంపు కొడతా ఉండాది.”

“రావత్తా. మోరీలోకే పోస్తా ఉండా.”

“చేపలమ్మేదానికి కంపేందని ఈదిలో ఎగతాళి చేస్తారు. చేప కంపు వేరు, అది సముద్రంది. ఇది ఎలక ఉచ్చ.”

“ఎలక కాదత్తా, డెగు. యాడో దూరదేశం కొండల్లో బతికేవంట.”

“తోకుండాది, పళ్ళుండాయి, దాని పెంట అదే తింటాది. ఎలక కాకపోతే కలెక్టరా?”

“పెంట ఇంకోసారి తింటేనే వాటికి వొంటికి పడతాది. ఆవు నెమరేసినట్టు.”

“ఆవునీ దీన్నీ కలిపి మాట్లాడబాక. మొన్న పాపమని అరటిపండు పెట్టబోతే చెయ్యి పట్టుకుంటివి.”

“తీపి తింటే వాటికి షుగరొస్తాది.”

“ఎలక్కి షుగరు. డాక్టరు చెప్పినా నేను చెయ్యని పథ్యం దానికి. ఏందిమే ఆ అరుపు? బోన్లో ఆ రెండూ ఏంది, ప్రాణం పొయ్యేటట్టు అరస్తా ఉండాయి?”

“ఇసక గిన్నెలు మార్చినా. డబ్బాలో ఉండే కొత్త పిల్ల పొర్లాడిన ఇసక వీటికి పెట్టినా, వీటి ఇసక దానికి. ఒకదాని వాసన ఒకదానికి అలవాటైనాకే కలపాల. లేకుంటే కొరికి చంపేస్తాయి.”

“కోడలు అత్తింటికొచ్చినట్టా?”

“నన్నేం అట్లా అలవాటు చేసినారు? నేరుగా తెచ్చి వేసేస్తిరి.”

“కొరికినానా నిన్ను?”

“లేదు.”

“మరి.”

“అది కాదత్తా. కొత్త వాసనైతే గుర్రుమంటాయి, ఇసక కాలితో తన్నతాయి. ఇట్లా అరవవు. ఇది భయం అరుపు. ఆదివారం ఆదివారం నీ కొడుకు పని నుంచి రాంగానే ఇట్లానే అరస్తాయి. నువ్వు వినలా?”

“వాడి మొకం చూసి నాకే అరవాలని ఉంటాది. అదిగో, మెట్లెక్కతా ఉండాడు.”

కామరాజు వచ్చాడు. అతను పరిమళ మొగుడు, పెంపుడు జంతువుల అంగడిలో పని చేస్తాడు.

“పరిమళా, చూసినావా? ఆడదా, మగదా? ఓనరు ఫోన్ మీద ఫోన్.”

“ఇంకా సరిగ్గా చూళ్ళా మామా.”

“తెచ్చి ఎన్ని దినాలైంది? ఊరికే కూర్చోని ఏం చేస్తా ఉండావు?”

“తిప్పి పట్టుకుంటే వొణకతా ఉండాది. తోక పుండు ఇంకా మానలా. రెండు దినాలు పోనీ.”

“ఇటియ్యి, నేనే చూస్తా. ఏయ్, కొరకబాక. ఇదిగో, మొన ఉండాది. మగదే. సరి, సందేళకి అంగడికి ఎత్తకపోతా.”

“మగదైతే ఎందుకు ఎత్తకపోవాల?”

“ఈడుండే రెండూ ఆడవి. ఈనించాలంటే అంగట్లో మంచి మగది ఉండాది, అప్పుడప్పుడూ తెస్తానే ఉండా కదా. ఈ తోక లేనిదెందుకు మనకి?”

“రేయ్ కామరాజా, ఎత్తకపోరా, నీకు పుణ్యముంటాది. ఈ బోన్లో ఎప్పుడు చూసినా మగవే. ఆడపిల్ల పుట్టకూడదని ఏమన్నా మొక్కుకున్నాయా ఇవి? పాలు మరిచినాక అన్నీ ఎత్తకపోతావు. యాడికిరా అన్ని మగవి?”

“టి. నగర్‌లో పెద్దోళ్ళ పిల్లకాయలు ఆడుకోడానికమ్మా. చెప్పినా కదా.”

“మామా, దీన్ని పిల్లి నోట్లోంచి తీసినానంటివి.”

“అవును. తీసినా.”

“పిల్లి పట్టింటే పంటిగాట్లుండాల. వొంటి మీద ఒక్క గాటు లేదు. తోక తోలు మాత్రం ఒలిచినట్టు వచ్చేసింది. తోక పట్టి లాగితేనే అట్లా వస్తాది వీటికి.”

“పిల్లి ఆ పక్క పట్టుకోనుంటే నేను ఈ పక్క లాగినా. సరా?”

“దీని ఇసకకి అవి అరిచినాయి. ఇప్పుడు నువ్వు బోను దగ్గరికొచ్చినావు, మళ్ళా అరస్తా ఉండాయి. డాబా మీదికి పిల్లి దినామూ వస్తాది. దానికి ఇట్లా అరవవు. నేను చూస్తానే ఉండా.”

“పోలీసా నువ్వు?”

“ఆదివారం తొడుక్కున్న చొక్కానే ఇయ్యాళా తొడుక్కున్నావు, దానికీ ఈ పిల్లకీ ఒకటే వాసన. ఆదివారం వాసన. ఏంది మామా అది?”

“అంగట్లో వంద రకాల జీవాలుంటాయి. ఏ వాసనని చెప్పేది?”

“రేయ్, అడగతా ఉండాది కదరా. చెప్పు.”

“నువ్వు ముందు ఆ కత్తి అట్లా పెట్టమ్మా.”

“పెట్టినా. చెప్పు.”

“పాముది.”

“ఏం పాము?”

“కొండచిలవలు. వెనక గదిలో ఓనరు పెంచతాడు. తెలిసినోళ్ళు వస్తారు చూడ్డానికి. ఆదివారం వాటికి మేత. అంతే. దానికి ఇద్దరూ అట్లా చూస్తారేంది? పాముకి మేత వెయ్యబళ్ళా? గడ్డి తింటాదా అది?”

“మేతంటే ఏంది మామా?”

“మగవి. ఆడవాటిని ఈనడానికి పెట్టుకుంటాం. మగవి అన్నన్ని ఎవురికి కావాల?”

“మన ఇంట్లో పుట్టినవా?”

“అన్నీ కాదు. కొన్ని.”

“కొన్నంటే?”

“మగవంటా ఉండా కదా.”

“మగవే కదా పుట్టినాయి.”

“అదేలే. గమ్మునుండు.”

“చంపి వేస్తారా, ఎట్లరా?”

“బతికుండంగానే అమ్మా. చచ్చినదాన్ని మింగితే ఎవురు చూస్తారు? వాళ్ళు బిరియానీ తెచ్చుకోని చుట్టూ కూర్చుంటారు, వీడియో తీసుకుంటారు. ఇది ఉండాదే, ఇంత పిల్ల, పాముని మూతి మీద కొరికేసింది. అందరూ ఒకటే నవ్వు. ఓనరుకి రోషమొచ్చి, తీసి అవతల పారెయ్‌రా అన్నాడు. నేనే తోక పట్టి లాగి జోబీలో వేసుకొచ్చినా. తర్వాత ఫోన్ చేసి, మగదైతే వచ్చే ఆదివారానికి తెమ్మన్నాడు, ఆడదైతే మనల్నే పెంచమన్నాడు. కాపాడిందెవురు? నేను. అది మాత్రం ఎవురూ అనరు.”

“వాళ్ళు తింటా చూస్తారా?”

“చెప్తా ఉండా కదమ్మా, బిరియానీ.”

“నువ్వు?”

“నాకూ ఒక పొట్లం పెడతారు.”

“తింటావా?”

“పెడితే తినకుండా ఎట్లా?”

“థూ. నా చేత్తో దినామూ చేపల తలకాయలు నరకతా నేను. ఒక్కదాని చావు చూసి నవ్వలా.”

“మామా, వాటిని దేంట్లో ఎత్తకపోతావు?”

“ఏంది?”

“బోను ఈడే ఉంటాది. సంచీ కూడా ఉండదు నీ చేతిలో. క్యారియర్ ఒకటే.”

“క్యారియర్లోనే.”

“నేను సద్ది కట్టిచ్చే క్యారియరా?”

“పై గిన్నెలో అవి, కింది గిన్నెలో అన్నం. ఒకదాన్నొకటి తగలవు కదా.”

“పై మూతకి తూట్లు పొడిస్తివి. ఎందుకు మామా అంటే ఆవిరికి, పెరుగన్నం పులవకుండా అంటివి.”

“గాలాడకపోతే దోవలోనే చస్తాయి కదా.”

“సందేళ ఆ గిన్నె తోముతుంటే బూరు తగిలేది. అంగట్లో ఎగిరొచ్చి పడిందంటివి. నేను తోమి బోర్లించేదాన్ని.”

“రేయ్, ఆ గిన్నెలోనే కదరా నాకు రసం పోసిచ్చేది. రోత. నువ్వు రోత, నీ ఓనరు రోత. ఇన్నాళ్ళూ కంపు ఆ బోన్లో ఉండాదనుకుంటి నేను.”

“మీ ఇద్దరికీ ఏం తెలీదు. ఊరంతా జరిగేదే ఇది. పరిమళా, ఆ పిల్లని ఇటియ్యి, పోవాల.”

“ఇది మగదని ఏం చూసి చెప్పినావు?”

“మొన చూసి. ముందర మొన ఉంటే మగది. మొదట్నించీ అట్లా చూసే ఏరతా ఉండా.”

“ఆ మొన ఆడదానికీ ఉంటాది మామా.”

“ఏంది?”

“అది ఉచ్చ పోసే మొన. ఆడదానికీ ఉంటాది, మగదానికీ ఉంటాది. నమ్మకపోతే ఆ పెద్దవాటిని ఎత్తి చూపిస్తా, రా. ఈనినవే కదా అవి. వాటికీ ఉండాది. చూడాల్సింది మొన కాదు. మొనకీ వెనక దోవకీ మధ్య ఎడం. ఎడం ఉంటే మగది. రెండూ ఆనుకోనుంటే ఆడది.”

“దీనికి?”

“ఎడం లేదు. తెచ్చిన దినమే చూసినా.”

“చూళ్ళేదంటివే.”

“ఎందుకు అడగతా ఉండావో తెలీక చెప్పలా.”

“ఉండు, ఉండు. మొన అన్నిటికీ ఉంటాదా?”

“అన్నిటికీ.”

“అయితే ఇన్నాళ్ళూ నేను ఎత్తకపోయినవి...”

“ఏమో, నువ్వు మగవంటే నమ్మి నేను చూళ్ళా. సగం ఆడవి అయ్యుంటాయి. సగం కంటే ఎక్కువేనేమో.”

“అయ్యయ్యో.”

“ఇప్పుడు తెలిసిందా మామా?”

“ఆడదానికి ఎంత గిరాకీ తెలుసా నీకు? పెంచుకోనుంటే ఈపాటికి ఇల్లు నిండా పిల్లలు. అంతా తీసకపోయి పాము నోట్లో పోస్తినే. దానికి కోడిపిల్లేసినా తినుండేది. ముందే ఒక్క మాట చెప్పుండకూడదా పరిమళా?”

“రేయ్.”

“నువ్వుండమ్మా. ఎంత నష్టమో నీకేం తెలుసు? ఓనరుకి తెలిస్తే తోలు తీస్తాడు. ఉండు, ఫోన్, మళ్ళా వాడే. ఆ, చెప్పన్నా, కామరాజునే. ఆడదన్నా, ఆడదే. గ్యారంటీ. మా ఇంటామె చూసింది. ఆమెకి బాగా తెలుస్తాదన్నా, నాకంటే బాగా. ఇంక పిల్లలు పుట్టంగానే ఆమే ఏరి పెడతాది, మగవి ఒక పక్క, ఆడవి ఒక పక్క. తప్పు జరగదు. ఆదివారానికి కావాల్సినవి ఆమే చూసి ఇస్తాది. హలో? హలో? వినపడలా. ఉండన్నా, డాబా మీదికి పోయి మాట్లాడతా.”

కామరాజు డాబా మీద చాలాసేపు మాట్లాడి దిగి వచ్చాడు.

“ఓనరుకి ఒకటే కుశాల, అమ్మా. పరిమళా, ఇంక ఇసకా గిసకా చాలు, ఆ పిల్లని పెద్దవాటితో వేసెయ్. పరిమళా? అమ్మా, ఈమె యాడ?”

“పోయింది.”

“యాడికి?”

“చెప్పలా.”

“ఏమీ అనలా?”

“మెట్లు దిగి పోయింది, అంతే.”

“అలిగిందిలే. వస్తాది. ఇదేంది, బోనేది? అమ్మా, బోను యాడ? కొత్త పిల్లని పెట్టిన డబ్బా యాడ? అన్నీ ఎత్తకపోయిందా? నువ్వు గడప మీదే ఉండావు కదా, అడ్డం పోకూడదా? అంత బరువు బోను, ఆ ఇరుకు మెట్లల్లో ఒక్కతే ఎట్లా దించింది?”

“ఒక్కతే యాడ దించిందిరా? ఒక పక్క నేను పట్టుకున్నా.”