నసీబ్ అన్నవంటే నౌకరీ పాయె

నాందేడ్‌లో కోర్టు వరండా. జూదం కేసులో దిగంబర్ పేరు పిలవడానికి ఇంకా పది నిమిషాలుంది. పక్కన భార్య గోదావరి, వకీలు ప్రాచి.

"మళ్ళ నసీబ్ అంటవేంది, కాకా?"

"అలవాటు, వకీలమ్మా. నోట్లకెల్లి అదే అస్తది."

"ఆట నసీబ్ మీద, అదృష్టం మీద నడిస్తె అది జుగార్. సజా పడ్తది, బడిల నీ క్లర్కు నౌకరీ పోతది. అక్కల్‌తోని, తెలివితోని ఆడేదైతె కేసే లేదు. రమ్మీ ఏం ఆట?"

"అక్కల్ ఆట."

"శెబ్బాష్. జడ్జి అడుగుతడు, చేతిలున్న ముక్కలల్ల ఏ పత్తా పడెయ్యాలెనో ఎట్ల చూస్తవ్?"

"చూడ. కండ్లు మూసుకొని మాహూర్ రేణుకామాతను తల్సుకుంట. చేతికి ఏది తగుల్తె అది."

"కాకా!"

"మరి అబద్ధం చెప్పాల్నా?"

"ఎదుటోడు ఏది ఎత్తిండు, ఏది పడేసిండు, అన్నీ యాది పెట్టుకుంట అని చెప్పు!"

"యాది పెట్టుకుంటరా? మనుషులేనా?"

"అందరు పెట్టుకుంటరు!"

"పదకొండేండ్లల నాకెవ్వరు చెప్పలే."

"పదకొండేండ్లల ఎన్నిసార్లు గెల్సినవ్?"

"ఒక్కపారి. కరెంటు పోతె మిగిలినోళ్ళు లేచి పోయిండ్రు."

"దేవా! నిన్ను చూసినంక జడ్జి రమ్మీని లాటరీల కలుపుతడు. దేశంల చట్టమే మారిపోతది."

"ఆగు బిడ్డా, నాకొకటి చెప్పు. ఇది నిజంగనే అక్కల్ ఆటనా?"

"అవును గోదావరి కాకూ."

"మరి ఆదివారం ఆదివారం ఓడి, నసీబ్ బాగలేదు గోదావరీ అంటుండె గద ఈయన?"

"ఇప్పుడొద్దే..."

"నసీబ్ కాదంటె, లేనిదేంది?"

"అక్కల్! నాకు అక్కల్ లేదు! సాలా? కాళ్ళు మొక్కుత గోదావరీ, నాలుగేండ్లుంటె పెన్షన్. నౌకరీ పోతె మన బిడ్డ కోమల్ చదువు ఎట్ల?"

"కాకా, ఏడ్వకు. ఒక్క సాక్షి దొరికితె సాలు. ఈ ఆటల అక్కల్ నడుస్తదని కండ్లార చూసినోళ్ళు."

"అందరు నాతోని పట్టుబడ్డోళ్ళే."

"నేను చెప్త."

"నీకు రమ్మీ ఏం తెల్సే?"

"మనింట్లనే ఆడ్తుంటిరి గద. చాయి ఇచ్చుకుంట అందరి పత్తాలు చూస్తుంటి. పోలీసులచ్చిన దినం నీ చేతిల రెండు జోకర్లు. ఒకటి పడేస్తివి."

"మాత అదే తగిలిచ్చింది."

"బ్రహ్మాండం, కాకూ! గిట్లనే చెప్పు. చూసి ఏం చేస్తుంటివి?"

"ఈయనతోని ఆడే భోజన్నకు చెప్తుంటి."

"ఏంది?"

"భోజన్నా, ఏడు చెంచాల చక్కెర ఏద్దునా అంటె, ఈయన చేతిల ఏడు ఉన్నట్టు."

"కాకూ, గట్టిగ మాట్లాడకు..."

"గందుకేనా భోజన్నకు షుగరచ్చింది? పదకొండేండ్లు! నా పెండ్లామే నన్ను ఓడగొట్టిందా?"

"గెల్సినదాంట్ల సగం సోమవారం పొద్దుగాల తెచ్చిస్తుండె. కోమల్ ఫీజు గట్లనే కట్టిన. నువ్వు ఎట్లన్న ఓడుతుంటివి. ఎవ్వరికి ఓడాలెనో నేను చూసుకున్న."