కరెంటు తీగల కింద పూలు

అదేం మాట బావగారూ! నేను మీ పొట్ట కొట్టానా? ఎవరు ఎవరి పొట్ట కొట్టారో ఊరందరికీ తెలుసు. గుమ్మంలో నిలబడి కేకలెందుకు, లోపలికొచ్చి కూర్చోండి.

హైటెన్షన్ తీగల కింద గడ్డి కొట్టే కాంట్రాక్టు ఏళ్లతరబడి మీదే. నేనెప్పుడైనా కాదన్నానా? మీ తమ్ముడు పోయాక నాకు మిగిలినవి ఆ పక్కన పెట్టుకున్న తేనె పెట్టెలు. వాటితోనే కదండీ నా పొయ్యి వెలిగేది!

కోత కోయించడానికి బద్ధకమై గడ్డిమందు కొట్టిస్తానన్నారు. మీ ఇంటికొచ్చి బతిమాలానా లేదా? పొద్దున్న వద్దు బావగారూ, తేనెటీగలు పూల మీదుంటాయి, చీకటి పడ్డాక కొట్టించండి అన్నాను. ఏమన్నారు మీరు? ఈగలకి కూడా ముహూర్తాలు చూడాలా అని పళ్లికిలించారు. పక్కన అక్కయ్య కూడా నవ్వింది. మర్నాడు పొద్దున్నే కొట్టించారు.

పెట్టెల ముందు ఈగలు చచ్చి ఎలా పడున్నాయో చూశారా? చీపురుతో ఊడ్చానండీ. నా చేత్తో నేనే చేటలోకి ఎత్తి పారబోశాను.

ఏడుస్తూ ఇంట్లో కూర్చుంటాననుకున్నారు కదూ? కరెంటాఫీసు చుట్టూ తిరిగాను. తీగల కింద పొట్టి పూలమొక్కలు వేస్తే చెట్లు లేవవు, మాటిమాటికీ కోతలక్కర్లేదు అని ఇంజినీరుగారి చెవిలో జోరీగనయ్యాను. మొదట విసుక్కున్నారు. తర్వాత ఆలోచించుకుని సరేనన్నారు. మందు బంద్. గింజ రాలేదాకా కోతా బంద్. ఇంకెందుకండీ మీ కాంట్రాక్టు?

ఏంటీ? నేనొక్క మాట చెబితే మీ ట్రాక్టరు మళ్లీ దిగుతుందా? నిజమే, అక్కడ కాపలా నాదే, ఆఫీసువాళ్లు నా మాటే వింటారు. చెప్పను. అక్కయ్యని పంపినా చెప్పను.

తల దించుకోకండి, ఇలా చూడండి. ఈ మొహం చూద్దామనే కదా ఇన్నాళ్లూ కాచుక్కూర్చున్నాను!

పాపం, మహాతల్లి, ఈగల కోసం పూలు పెంచుతోందని జనం మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోనీండి. ఇప్పుడొస్తున్నవి నావి కావు, ఎక్కడివో అడవి ఈగలు. నా పెట్టెల్లోకి ఒక్కటీ దూరదు.

నిజం మీకొక్కరికే చెబుతున్నా. విత్తనాలు చల్లిన రోజు గుప్పెడు గుప్పెడుకీ మిమ్మల్ని తిట్టుకుంటూ చల్లాను. నోటికొచ్చిన శాపనార్థాలన్నీ పెట్టాను. ఆ నేలకి వినబడేలా పైకే పెట్టాను.

అయినా ఒక్కటీ మాడలేదు బావగారూ. అన్నీ మొలిచాయి. ఏం చెయ్యను, అన్నీ పూశాయి.