పెన్సిల్ అచ్చు

రేకుల షెడ్డు, మధ్యాహ్నం వేళ. పాత పికప్ బండి కింద భర్త వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పక్కన టార్చి పట్టుకుని భార్య కూర్చుని ఉంది.

"మళ్ళీ రుద్దు."

"రుద్దానండీ. మూడు కాయితాలైపోయాయి."

"పెన్సిలు నిలువుగా పట్టుకోకు, పడుకోబెట్టి రుద్దు. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాయితం పెట్టి రుద్దేవాళ్ళం చూడు, అలాగ. అంకెలు వాటంతటవే తేలతాయి."

"పడుకోబెట్టే రుద్దాను."

"ఏమొచ్చింది?"

"నలుపొచ్చింది."

"నలుపు కాదే, అంకెలు. అంకెలేమొచ్చాయి?"

"రాలేదు. ఉట్టి నలుపే."

"నువ్వు వేరేచోట రుద్దుతున్నావు. ముందు చక్రం వెనకాల, ఛాసిస్ పట్టీ మీద, జానెడు పొడుగున ఉంటుంది. బండి ఇంటికొచ్చిన రోజే చూపించానుగా నీకు?"

"చూపించారు. అక్కడే రుద్దాను."

"ఏదీ, నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టు."

"మీ మొహం ముందే ఉంది కదండీ."

"పెట్టమంటే పెట్టవే! ఆఁ... ఇక్కడేనా? ఇదేంటి, ఇంత నున్నగా ఉంది?"

"నున్నగానే ఉంది."

"ఓరి దేవుడా. గ్రైండరు పడింది. తుప్పు గీకేటప్పుడు దీని మీద గ్రైండరు పడింది."

"లేవండి ముందు. టీ పెట్టుకొస్తాను."

"టీ ఏంటే, టీ! ఛాసిస్ నంబరు పోయిందంటున్నాను. రేపు పదింటికి బండిని ఆర్టీవో ఆఫీసులో చూపించాలి. ఆ ఇన్‌స్పెక్టరు ముందు చూసేది ఇంజనూ కాదు, బ్రేకులూ కాదు, ఈ నంబరు. ఇది లేకపోతే బండి రోడ్డెక్కదు. ఈ జన్మకెక్కదు."

"కాయితాల మీద ఉందిగా నంబరు."

"కాయితం మీదున్నదే ఇనుము మీదా ఉండాలి. పెన్సిల్ అచ్చు తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు."

"పోనీ ఇంజను నంబరు..."

"ఇంజను దీనిది కాదుగా! వరదలో మునిగిన బండిది. తలుపు ఇంకోదానిది, సీటు బస్సుది, హెడ్‌లైట్లు ఒకటి గుండ్రం, ఒకటి పలక. చవగ్గా దొరికిందల్లా తెచ్చి తగిలించాం. దీనికంటూ సొంతానికి మిగిలింది ఈ ఛాసిస్ ఒక్కటే. దానిమీద పేరు కూడా నేనే తుడిచేశాను."

"మీరే తుడిచారని ఎందుకనుకోవాలి?"

"ఇంకెవరు తుడుస్తారు? కూలి మిగుల్తుందని గ్రైండరు నేనే పట్టుకున్నాను కదా. పొట్టి మేస్త్రి మరీ మరీ చెప్పాడు, అన్నా, ఆ ముక్క మీద టేపు అంటించి మొదలుపెట్టు అని. అంటించాననే గుర్తు. అంటించానా నేను?"

"నాకేం తెలుసు."

"పక్కనే ఉన్నావు కదే."

"లోపల పొయ్యి మీద ఏదో ఉందేమో ఆ రోజు."

"అంటించాను. రెండు వరసలు అంటించాను. ఏమో. అంటించి ఉండను. అంటిస్తే ఎలా పోతుంది?"

"ఇంక లేవండి. వీపంతా నూనె."

"నువ్వు లే ముందు. ఆ కాలితో ఎంతసేపు నేల మీద కూర్చుంటావు? ఆ డబ్బా మీద కూర్చో."

"నా కాలికేం, బానే ఉంది."

"బానే ఉంటే కుంటుతావెందుకు? ఇంట్లో మెట్లు దిగడం కూడా రాదు మనిషికి. పోయినేడు మీ తమ్ముడి వ్యాను వాడికి అప్పజెప్పి వచ్చేసరికి నువ్వు ఆస్పత్రిలో. మెట్ల మీద జారిందయ్యా అని పక్కింటావిడ చెప్తే గానీ నాకు తెలీలేదు."

"ఆ సంగతి ఇప్పుడెందుకు లెండి."

"సరే. ఒక దారుంది."

"ఏంటి?"

"తుక్కు షావుకారు దగ్గర ఒకడున్నాడు. అంకెల అచ్చులు పెట్టి సుత్తితో కొడతాడు. మన నంబరే మళ్ళీ కొట్టించేద్దాం."

"దొంగబళ్ళకి కొట్టేవాడేగా?"

"మనది దొంగబండి కాదుగా! మన నంబరు మనం కొట్టించుకుంటే తప్పేంటి?"

"కొత్త అంకెలు మెరుస్తూ ఉంటే ఇన్‌స్పెక్టరు కళ్ళు మూసుకుంటాడా?"

"ఉప్పునీళ్ళు పోసి ఉంచితే పొద్దుటికి తుప్పు పడుతుంది."

"మూడేళ్ళు తుప్పు గీకి, ఇప్పుడు మళ్ళీ తుప్పు పట్టిస్తారా?"

"నవ్వకు."

"నవ్వట్లేదు. జైల్లో పెడతారండీ."

"పెడితే పెట్టనీ. బయటుండి మాత్రం ఏం వెలగబెడుతున్నాను? ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టుకున్న చేతులివి. ఏదో ఒక గేటు దగ్గర స్టూలేసుకుని, వచ్చే పోయేవాళ్ళకి సలాం కొట్టమంటావా?"

"నేనేం అనలేదు."

"ఈ బండి మీదే క్లీనరుగా చేరాను. దీని మీదే తోలడం నేర్చుకున్నాను. నిన్ను మొట్టమొదట సినిమాకి తీసుకెళ్ళిందీ దీంట్లోనే. తుక్కు షావుకారు దొడ్లో కనబడ్డ రోజు బానెట్లోంచి ముళ్ళకంప మొలిచి ఉంది. అయినా గుర్తుపట్టాను."

"ఇప్పుడు వాడికే ఇచ్చేద్దాం."

"ఎవడికి?"

"షావుకారుకే. ఎంతోకొంతకి పట్టుకుపొమ్మందాం."

"నువ్వేనా ఈ మాటంటున్నది? సాండ్‌పేపరు పట్టి పట్టి నీ వేళ్ళు పగిలిపోలేదూ?"

"పగిలాయి. అయినా వద్దండీ. ఇంక వదిలేద్దాం."

"వదిలేద్దాం, వదిలేద్దాం! ఆ పద్నాలుగో నంబరు స్పానరివ్వు. చక్రం విప్పి చూస్తాను. అంకెల జాడ ఏమైనా మిగిలిందేమో."

"అది మీ చేతిలోనే ఉంది."

"ఇది పదిహేడు."

"పద్నాలుగే. దాని మీద రాసుంది."

"ఈ షెడ్డొకటి, ఎప్పుడూ చీకటే. టార్చి ఇటు కొట్టు."

"మీ చేతి మీదే కొడుతున్నానండీ. రెండు రేకులు కూడా తీసే ఉన్నాయి పైన. లేవండి."

"ఏమే."

"ఊఁ."

"వేలెడేసి అంకెలు అవి. గ్రైండరు పట్టుకున్నవాడికి కనబడాలి కదా."

"ఊఁ."

"నాకు కనబడలేదు."

"ఊఁ."

"ఊఁ ఏంటే ఊఁ? కనబడలేదంటున్నాను. అది ఒక్కటే కాదు. మధ్యలో కాస్త మసగ్గా తెలుస్తుంది, చుట్టూ ఏమీ ఉండదు. పక్కనుంచి ఏదొస్తుందో మీదకొచ్చేదాకా తెలీదు. నేను లారీలు తోలిన కంపెనీ మూసేశారని చెప్పాను నీకు."

"చెప్పారు."

"మూసెయ్యలేదు."

"తెలుసు. వాళ్ళ లారీలు రోజూ మన వీధిలోంచే పోతాయి."

"మన వీధిలోంచా? నేనెప్పుడూ చూళ్ళేదే."

"అదేగా మరి."

"నన్నే తీసేశారు. అక్కడ కళ్ళ పరీక్ష పెడతారు ఏటేటా. ఆ అక్షరాల బోర్డు బట్టీపట్టి రెండేళ్ళు గడగడా అప్పజెప్పాను. మూడో ఏడు బోర్డు మార్చారు. నేను పాత బోర్డే చదివాను."

"అయ్యో."

"ఆ డాక్టరు నవ్వాడే. నవ్వి, పెద్దాయనా, పోయిన చూపు ఇక రాదు, ఉన్నదాన్ని కాపాడుకో అన్నాడు."

"చుక్కలు వేసుకుంటున్నారా మరి?"

"ఏ చుక్కలు?"

"టూల్ బాక్సులో స్పానర్ల కింద గుడ్డలో చుట్టి దాచారుగా, ఆ చుక్కలు."

"అంటే నీకన్నీ తెలుసు."

"కొన్ని తెలుసు."

"తెలిసి కూడా మూడేళ్ళు నా పక్కన కూర్చుని తుప్పు గీకావా?"

"మీకు పొద్దు పోవాలి కదా. బండి రోడ్డెక్కుతుందని మాత్రం నేననుకోలేదు. ముక్కలుగా వచ్చిందాన్ని మీరు నిజంగానే నిలబెట్టేశారు."

"రంగైనా సరిగ్గా పడిందా? నిజం చెప్పు. అంతా నీలమేనా?"

"చాలావరకు నీలమే."

"చాలావరకు ఏంటి?"

"ఎడమ తలుపు ఆకుపచ్చ. గేటుకి వెయ్యగా మిగిలిన డబ్బా అది."

"చెప్పి చావొచ్చు కదే!"

"ఈల వేసుకుంటూ వేస్తున్నారు. మీ ఈల విని ఎన్నేళ్ళయిందో. ఎలా చెప్పమంటారు?"

"పోనీలే, ఆకుపచ్చయితే ఏం. తెల్లారకముందే మార్కెట్టుకి పోయి కూరలు దింపి వచ్చేస్తాం, ఎవడు చూస్తాడు తలుపు? రెండు మలుపులు, ఒక స్పీడ్‌బ్రేకరు. ఆ రోడ్డు నా వంటికి తెలుసు. నువ్వు పక్కన కూర్చుని కుడి, ఎడమ చెప్తే చాలు. ముందు ఆ సుత్తివాణ్ణి పట్టుకోవాలి. నంబరు పడిందంటే, ఆదివారం మన మనవరాలొస్తుంది కదా, మొదటి ట్రిప్పు దానికే. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుతాను. మాటిచ్చాను ఫోన్లో."

"అందుకే."

"ఏంటి అందుకే?"

"అందుకే తీసేశాను."

"ఏం తీసేశావు?"

"నంబరు. మీరు టేపు అంటించారండీ. రెండు వరసలు, చక్కగా అంటించారు. నేనే పీకాను. మీరు సీటు తేవడానికెళ్ళిన రోజు."

"ఊరికే నన్ను ఓదార్చకు. తప్పు నాది, నామీదే ఉండనీ."

"పదకొండు అంకెలు. చివరి అంకె ఏడు, లోతుగా కొట్టారు, దాని దగ్గరే ఎక్కువసేపు పట్టింది. కళ్ళద్దాలు పెట్టుకోకుండా గ్రైండరు ముట్టుకోవద్దని చెప్పారుగా, పెట్టుకునే చేశాను."

"నా నోట్లో మట్టి కొట్టావు కదే."

"కొట్టాను."

"నాతో కాపురం చేసిన మనిషివేనా నువ్వు? కంపెనీవాడు తీసేస్తే వాడు బయటివాడు, పోనీ అనుకున్నాను. ఇంట్లో మనిషివి, నా ముందే టార్చి పట్టుకుని కూర్చుని, నేను వెతుక్కుంటుంటే మూడు కాయితాలు రుద్దావే! వద్దని ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా?"

"వింటారా మీరు?"

"వినను! ఎందుకు వినాలి? ఏం చేశానని? ముప్పై ఏళ్ళలో ఒక కోడిపిల్లని కూడా తొక్కలేదు నా బండి. ఒక్కటి చెప్పు, నావల్ల ఎవరికైనా ఏమైనా అయిందా?"

"అరవకండి."

"అరుస్తాను. చూపు పోయాక కూడా తోలాను కదా మీ తమ్ముడి వ్యాను! ఈ సందులోనే రివర్సు చేశాను. వెనకాల నిలబడి రా, రా, రానివ్వండి అన్నది నువ్వే కదా? ఏదో తగిలింది. ఏంటే అదని అడిగాను. సిమెంటు బస్తా, మీరు ముందుకు పోనివ్వండి అని అరిచావు. పోనిచ్చాను. అదే కదా ముప్పై ఏళ్ళలో నేను చేసిన ఘోరం? ఒక్క బస్తా! పగిలిన ఒక్క బస్తా కోసమా నా బతుకు గీకేశావు? చెప్పు. అలా కాలు నిమురుకుంటూ కూర్చుంటే కాదు, నోరు తెరిచి చెప్పు."

"ఆ రోజు వెనకాల బస్తా ఏం లేదండీ. నేనే ఉన్నాను."