కిటికీ కింద హీటరు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే మన్నించండి. ఈ కాస్త రాయడానికే రెండు రోజులు పట్టింది.

మా ఊరి దుకాణంలో కాఫీ బల్ల దగ్గర ఒక అక్కా తమ్ముడూ మాట్లాడుకుంటుంటే విన్నాను.

“ఇల్లంతా కరెంటు హీటర్లే అక్కా. నీ పింఛనుతో ఈ బిల్లులు కట్టలేవు. ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్.”

“హాల్లో హీటరు ఆపేశాను. రెండు జతల ఉన్ని మేజోళ్లు వేసుకుంటున్నాను. ఇంకేం చెయ్యనురా?”

“మరి పడకగదిలో?”

“అక్కడిది పందొమ్మిది డిగ్రీలకి పెట్టాను. గది అంత వేడెక్కగానే అదే ఆగిపోతుంది.”

“కిటికీ?”

“తెరిచే ఉంటుంది. మూసుకుని పడుకోడానికి నాకేమైనా జబ్బా?”

“హీటరు ఆ కిటికీ కిందేగా ఉంది?”

“అవును.”

“పైనుంచి చల్లగాలి పడుతుంటే అదింకేం ఆగుతుందక్కా? రాత్రంతా ఊరికి వేడి పంచుతున్నావు.”

“అందుకేనేమో, పక్కింటి పిల్లి మా కిటికీ వదలడం లేదు.”

“ఇవాళే కిటికీ మూసెయ్.”

“హీటరే ఆపేస్తాను. కిటికీ మూస్తే నాకు నిద్ర పట్టదు. బిల్లు తగ్గితే ఇల్లు అమ్మక్కర్లేదుగా?”

“అక్కర్లేదులే. క్రిస్మస్‌కైనా వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులుండు.”

“మీ పడకగది కిటికీ తెరుస్తారా?”

“చలికాలంలో తెరవం.”

“అయితే పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోతాను.”

రావ్నా, డెబ్బై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉండేది కరాషోక్, ఉత్తర నార్వే.