మైకులో దిగమన్నారు

“పుష్పవల్లమ్మా, మైకులో రెండుసార్లు చెప్పినాను. అరవంలో ఒకసారి, తెలుగులో ఒకసారి. నీ కూతురు దిగలేదే.”

“యాడ దిగుతాది చంద్రశేఖరన్నా? శాంతిప్రియకు పుట్టినప్పటినుంచీ వినపడదు. మైకులో చెప్తే ఎట్ల?”

గుడియాత్తం బడి మైదానంలో ఆ ఊరికీ తిరుపత్తూరుకూ ఆడపిల్లల వాలీబాల్ ఫైనల్, ఆఖరి సెట్టు. వల పక్కన ఎత్తు కుర్చీ మీద అంపైరు శాంతిప్రియ. షామియానా కింద ఆమె తల్లి, మగ్గం నేసే పుష్పవల్లి, మల్లెపూలు కడుతోంది. పోటీలు నడిపే కమిటీ పెద్ద, జౌళి కొట్టు చంద్రశేఖరం ఆమె పక్కన నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు.

“అందుకే కదమ్మా నీ దగ్గరికి వచ్చినాను. సైగ చేసి చెప్పు. అంపైరును మార్చినాం, పార్థిబన్ ఎక్కుతాడు అని.”

“చేతులు ఖాళీ లేవప్పా. పూలు కడతా ఉండాను కదా.”

“పక్కన పెట్టమ్మా.”

“ఇప్పుడు వదిలితే ముడి జారిపోతాది. ఈ మూర కానీ.”

“అంతలో ఆట అయిపోతాది.”

“అయిపోతే పోనీ. ఎందుకు మార్చినారో అది చెప్పు ముందు.”

“నేనేం మార్చలా. తిరుపత్తూరు పిల్లల అమ్మానాయనలు... అందరూ కాదు, కొంతమంది... ఏందో అన్నారు.”

“ఏమన్నారు?”

“వదిలెయ్యమ్మా.”

“చెప్పప్పా. నాకు బాగా వినపడతాది.”

“చెవిటిదాన్ని ఎక్కించినారు, మా పిల్ల కిందపడి అరిస్తే ఆట ఎవరు ఆపేది అన్నారు.”

“పొద్దున ఆటలో మోనిష అనే పిల్లకు కాలు మెలికపడిందే, ఎవరు ఆపినారు?”

“నీ కూతురే.”

“ఆ పిల్ల నోరు తెరిచేలోపల ఈల ఊదింది. చెవులుండే నువ్వు అప్పుడు యాడుంటివి?”

“టీ తాగను పోయుంటి. అది కాదమ్మా, కెప్టెన్ వచ్చి ఏమన్నా అడిగితే?”

“చెయ్యి చూపించి అడుగుతాది. బాలు బయట పడిందంటే చెయ్యి, వల తగిలిందంటే చెయ్యి. ఆ ఆటంతా మా పిల్ల భాషలోనే ఉండాది. నీకే రాదు.”

“నీతో వాదించలేను. చీటీ రాసి పైకి పంపిస్తా.”

“పంపు. బాలు చూస్తాదా, నీ చీటీ చూస్తాదా?”

“పార్థిబన్ ఈల మెడలో వేసుకుని కింద నిలబడుండాడు. జనం నవ్వతా ఉండారు పుష్పవల్లమ్మా.”

“కూర్చోమను పాపం. బెంచీ ఉండాది కదా.”

“నా మర్యాద ఏం కావాల? వేలూరునుంచి జిల్లా సంఘం వాళ్లు వచ్చి ముందు వరసలో కూర్చుండారు.”

“తెలుసు. ఈ ఫైనల్ సరిగ్గా నడిపిస్తే శాంతిప్రియను జిల్లా పోటీలకు పిలుస్తామని వాళ్లే చెప్పినారు. మధ్యలో దింపితే ఇంక ఎవరు పిలుస్తారు? దింపింది నువ్వని ఎవరికీ గుర్తుండదు. చెవిటిది, చేతకాక దిగింది అంటారు.”

“అట్ల ఎవరంటారమ్మా?”

“నువ్వే అంటావు, రేపు అంగట్లో కూర్చుని.”

“సరే, ఒకటి చేస్తాం. స్టేజీ మీద పిలిచి శాలువా కప్పుతాం. ఫొటో కూడా తీయిస్తా.”

“గుడ్డ మేము నేసేదే కదప్పా. మా పిల్లకు ఈల కావాల.”

“బతిమాలతా ఉండానమ్మా.”

“చూడు, చూడు. సర్వీసు చేస్తా మన ఊరి పిల్ల గీత తొక్కింది. శాంతిప్రియ పాయింటు తీసి తిరుపత్తూరుకు ఇచ్చేసింది.”

“తొక్కిందా? నేను చూడలా.”

“నీ ధ్యాసంతా దింపేదాని మీదనే.”

“ఏమి, అందరూ లేస్తా ఉండారు? అయిపోయిందా?”

“అయిపోయింది. మన ఊరే గెలిచింది. రెండు పక్కల పిల్లలూ పోయి శాంతిప్రియకు చెయ్యి ఇస్తా ఉండారు. అదో, వేలూరాయన కూడా పోతా ఉండాడు.”

“పోనీలే. పాపం, వినపడక కూర్చునింది, దాని తప్పేముండాది? నేను మనసులో ఏమీ పెట్టుకోను.”

“పెట్టుకో అన్నా.”

“ఏమి?”

“తిరుపత్తూరు వాళ్లు నీతో అన్నప్పుడూ, నువ్వు మైకు పట్టుకున్నప్పుడూ అది మీ పెదాలే చూస్తా ఉన్నింది. అరవంలో చెప్పిందీ తెలిసింది, తెలుగులో చెప్పిందీ తెలిసింది. అప్పుడే పైనుంచి నాకు సైగ చేసింది. ‘చెవిటిదాన్నని వాళ్లే కదా అన్నారమ్మా, ఈ సెట్టు అయ్యేదాకా చెవిటిదాన్నే’ అని.”